లోపలి మూత

కువైట్‌లో మెడికల్ వార్డులో నర్సుగా చేరిన కొత్తలో నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న అరబ్బీ మాట ‘తమామ్’. అంతా బాగుంది, అర్థమైంది, ఇక వెళ్లొచ్చా అనే అర్థాలన్నీ అందులోనే ఉన్నాయి. మందులు ఎలా వాడాలో చెప్పి అర్థమైందా అంటే తమామ్. నేను ఫైలులో ‘రోగికి వివరించాను’ అని టిక్కు పెట్టి, పక్క మంచం దగ్గరికి వెళ్లేదాన్ని.

ఆ టిక్కు ఎంత అబద్ధమో నాకు తెలియజెప్పింది మన తెలుగాయనే. రాజంపేట వైపు మనిషి, ఒక ఇంట్లో డ్రైవరు, యాభై దాటిన వయసు. షుగరు బాగా పెరిగి మా వార్డులో చేరాడు. నాలుగు రోజుల్లో అదుపులోకి వచ్చింది. రాత్రిపూట 14 యూనిట్ల ఇన్సులిన్ రాసి పంపించారు. ఇన్సులిన్ పెన్ను, అంటే సూది బిగించి మందు ఎక్కించుకునే పెన్నులాంటి పరికరం, ఎలా వాడాలో నేనే చూపించాను, అదీ తెలుగులో. భాష అడ్డం కాలేదు కదా అని తృప్తిపడ్డాను కూడా.

పది రోజులు తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. నాలుక పిడచకట్టుకుపోయింది, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. షుగరు 24. ఇక్కడ మిల్లీమోల్స్‌లో చూస్తారు. మన లెక్కకు మార్చాలంటే 18తో గుణించాలి. అంటే 430 పైనే. “ఒక్క రాత్రి కూడా మానలేదమ్మా” అన్నాడు. డోసు పెంచాలని డాక్టరు అప్పటికే అనుకుంటున్నారు.

ఎందుకో ఒకసారి చేయించి చూడాలనిపించింది. “అన్నా, రోజూ ఎలా వేసుకుంటున్నారో నా ముందు ఒకసారి వేసుకోండి” అన్నాను. పెన్ను తీశాడు. సూది బిగించాడు. పై మూత తీశాడు. 14 దాకా తిప్పి, పొట్ట మీద ఆనించి నొక్కి, పది లెక్కపెట్టాడు. అన్నీ నేను చెప్పినట్టే. సూది మీద సన్నటి లోపలి మూత మాత్రం అలాగే ఉంది. మందంతా ఆ మూతలోంచి చర్మం మీదికి కారింది. “తడి తగిలేది, చెమట అనుకున్నాను. నొప్పి కూడా తెలియకపోతే, మంచి సూదులు ఇచ్చారు అనుకున్నాను” అన్నాడు. ఆ మాట విని నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

తప్పు ఆయనది కాదు. సిబ్బందికి గుచ్చుకోకుండా ఆసుపత్రిలో వాడే రక్షణ సూదికి లోపలి మూత తీసే పనే ఉండదు. చర్మానికి ఆనిస్తే దాని తొడుగు దానంతటదే వెనక్కి జరుగుతుంది. నేను చూపించింది ఆ సూదితో. మందుల షాపులో ఆయనకు ఇచ్చింది మామూలు సూది, దానికి రెండు మూతలు. ఇదే పొరపాటు గురించి 2019లో మందులనూ వైద్య పరికరాలనూ పర్యవేక్షించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా జారీ చేసింది. ఆ రోజు డోసు పెంచి పంపించి ఉంటే, తర్వాత ఎవరైనా మూత సంగతి చెప్పి ఉంటే, ఆ పెరిగిన డోసంతా ఒక్కసారిగా ఒంట్లోకి పోయేది. షుగరు పడిపోయేది. ఆయన చేతిలో స్టీరింగు ఉండేది.

అప్పటినుంచి ‘అర్థమైందా’ అని అడగడం మానేశాను. రోగి ఇంటికి తీసుకెళ్లే సూదితోనే నేర్పుతాను. ముందు 2 యూనిట్లు గాలిలోకి నొక్కించి, సూది మొనన చుక్క కనపడిందా అని వాళ్లచేతే చూపించుకుంటాను. చుక్క మొనన నిలిచిందంటే మూత తీసినట్టే. నిజానికి ఇది మొదటి రోజే నేను చేయించవలసిన పని. ఆ తర్వాత, “ఇంటికి ఫోను చేసి మీవాళ్లకు ఎలా చెబుతారో నాకు చెప్పండి” అంటాను. ఎక్కడ తడబడతారో అక్కడ నేను సరిగా చెప్పలేదన్నమాట. మనిషికి ఇరవై నిమిషాలు పడుతుంది. వార్డులో ఆ ఇరవై నిమిషాలు ఎంత కష్టంగా దొరుకుతాయో నర్సులకు తెలుసు. అయినా ఇవ్వాల్సిందే.

డ్రైవరన్న నిజంగానే ఇంటికి, భార్యకు ఫోను చేశాడు, వీడియో కాల్. రెండు మూతలూ తీసి చూపించాడు, చుక్క చూపించాడు. ఎండల్లో పెన్నును కారులో వదిలేస్తే మందు పాడైపోతుందని కూడా మరిచిపోకుండా చెప్పాడు. అంతా విన్నాక ఆవిడ అడిగింది: “సరే, బండి నడిపేటప్పుడు షుగరు పడిపోతే ఏం చేస్తావు?”

ఆయన నావైపు చూశాడు. ఆ సంగతి ఆయనకు నేను చెప్పనే లేదు.

ఫోను తీసుకుని ఇద్దరికీ కలిపి చెప్పాను. బండి తీసేముందు షుగరు చూసుకోవాలి, 5 కంటే తక్కువుంటే, అంటే మన లెక్కలో 90 కంటే తక్కువుంటే, ఏదైనా తిన్నాకే కదలాలి. చెమటలు పట్టినా, చేతులు వణికినా బండి పక్కకు ఆపి మూడు చెంచాల చక్కెర నోట్లో వేసుకోవాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి.

“చక్కెర పొట్లం కారులో పెట్టావా అని రోజూ పొద్దున్నే నేను అడుగుతానులే” అంది ఆవిడ. తర్వాత నాతో, “అమ్మా, ఆ లెక్క ఇంకొకసారి చెప్పు, రాసుకుంటాను” అంది. పెన్సిలు వెతుక్కునేదాకా ఆగి, మళ్లీ మొదటినుంచి చెప్పాను.