గంజి గిన్నెలో బేస్ తీగలు

ఆదివారం. పొద్దుట్నుంచీ ఒకటే వాన, మహేంద్రగిరి వైపు నల్లగా మూసేసింది, మా పర్లాకిమిడిలో బట్టలు ఆరి మూడ్రోజులయింది. చవితి ప్రోగ్రాములు దగ్గరకొచ్చేస్తున్నాయి కదా అని సంచిలోంచి బేస్ గిటార్ తీస్తే మెడ వంగి ఉంది, పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర తీగ ఇంతెత్తున లేచిపోయి నొక్కాలంటే దమ్ము కావాలి. ప్రతీ వర్షాకాలం ఇదే గోల. చెక్క తేమ పీల్చుకుంటే మెడ కదుల్తుంది, లోపల ట్రస్ రాడ్ అని ఇనప చువ్వ ఉంటుంది, దాన్ని ఎలెన్ కీతో పావు చుట్టు తిప్పి ఓ గంట అలా వదిలేయాలి. తొందరపడి బిగించి ఒకసారి మెడ పాడుచేసుకున్నవాణ్ణే, అందుకే ఈసారి బుద్ధిగా పక్కన పెట్టాను.

ఆ గంట ఖాళీగా ఎందుకని, మూల పడేసిన పాత తీగల సెట్టు ఉడకబెట్టాను. నిజంగానే, పొయ్యి మీద పెట్టి. చుట్టల మధ్య ఇరుక్కున్న చెమటా జిడ్డూ వేణ్ణీళ్ళకి వదిలిపోయి, చచ్చిన తీగ నాలుగైదు రోజులు మళ్ళీ ఖంగుమంటుంది. చిక్కేటంటే నా చేతికందింది గంజి వార్చే గిన్నె. అమ్మ చూసింది. తర్వాత నేను పడిన తిట్లు ఇక్కడ రాయను.

తీగలు తుడిచి ఎక్కించేసరికి పాతపట్నం నుంచి బావ దిగాడు, తడిసిన రెయిన్‌కోటూ, వీపు మీద విశాఖలో కొన్న సెకండ్‌హ్యాండ్ బేసూ. ఇంక మొదలు. నాది ప్రెసిషన్ మోడల్, అంటే అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ వాళ్ళు 1951లో తీసినదానికి నకలే, అసలుది కొనే స్తోమత ఎవడికుంది. తనది 1960లో వచ్చిన జాజ్ బేస్ తరహా. రెండింటికీ తీగ పొడవు అదే 34 అంగుళాలు, అయినా చేతిలోకి తీసుకోగానే తెలిసిపోద్ది. బావదానికి నట్ దగ్గర, అంటే మెడ చివర తీగలు ఆనే పట్టీ దగ్గర, మెడ వెడల్పు 38 మిల్లీమీటర్లు, తనవి పొట్టివేళ్ళు కాబట్టి ఇమిడిపోద్ది. నాది రోకలి. నాకదే ఇష్టం, చెయ్యి నిండకపోతే వాయిస్తున్నట్టే ఉండదు.

"నీది దుప్పటి ముసుగేసుకుని వాయించినట్టుంటది బావా" అంటాడు తను. "నీది మూకుడు గీకినట్టుంటది" అంటాను నేను. పైగా తనకి సింగిల్ కాయిల్ పికప్పులు (తీగ కదలికని పట్టుకునే అయస్కాంతపు ముక్కలు) రెండు, వాటి నాబులు రెండూ సమానంగా ఉంటే సరే, ఒకటి తగ్గించాడా జుమ్మ్... అని హమ్ మొదలు. ఆ హమ్ కరెంటుదే, మన కరెంటు 50 హెర్ట్జ్, అన్నిటికన్నా లావుగా ఉండే E తీగ మీద మూడో ఫ్రెట్‌లో పలికే జి (G) స్వరం 49 దగ్గర ఉంటుంది, అంటే జి లో పాట ఎత్తుకుంటే కరెంటాఫీసు వాళ్ళు కూడా మనతో వాయిస్తున్నట్టే, కాస్త అపశ్రుతిలో. కానీ ఒకటి ఒప్పుకుంటాను, మెలోడీ స్టేజీ మీద కీబోర్డు వాడి ఎడం చెయ్యీ, ప్యాడూ, గుమ్ గుమ్ మనే బాక్సులూ, ఆ సంతలో తన గరగరే కాస్త పైకి తేలుద్ది, నాది వినపడదు, కడుపులో తగుల్తుంది అంతే.

సరే అత్తనే అడుగుదాం అన్నాడు బావ. అమ్మ హాల్లో దొండకాయలు తరుగుతూ మాకు వీపు పెట్టి కూర్చుంది. నన్ను కూడా గోడ వైపు తిరగమన్నాడు. ఒకే బిట్టు రెండుసార్లు వాయించాడు. నేను టక్కున చెప్పేశా, మొదటిది నీది, రెండోది నాది అని.

అమ్మ కత్తి ఆపి, "ముందుది వీధి గుమ్మంలో నిలబడి మాట్లాడినట్టుంది. రెండోది వంటింట్లోంచి పిలిచినట్టుంది. అదే బాగుంది" అంది.

తిరిగి చూస్తే తను రెండుసార్లూ వాయించింది నా బేసే. మొదట బ్రిడ్జి (కింద తీగలు బిగించే చోటు) పక్కన గట్టిగా మీటాడు, తర్వాత మెడ మొదట్లో మెత్తగా. నా బేస్, పన్నెండేళ్ళుగా నా ఒళ్ళో ఉన్నది, నేనే గుర్తుపట్టలేదు! తీగలు ఉడకబెట్టడం వల్ల మారిపోయిందన్నాను. నమ్మినట్టు లేడు. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకి ప్రెసిషనే వాయించిన జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడువేలితో మీటేవాడు, తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు, అదీ సౌండంటే అని ఏదో అందుకున్నాను.

"ఆయన వాళ్ళమ్మ గంజి గిన్నె జోలికి పోలేదు కదా" అన్నాడు బావ.

చీకటి పడ్డా వాన తగ్గలేదు, తన బేస్ ఇక్కడే వదిలేసి వెళ్ళాడు. రాత్రి అమ్మ అత్తెసరు పెట్టేసింది. గిన్నె ఇంకా పెరట్లోనే ఉంది, చింతపండు పులిమి.