చిల్లుగారెలో ఊదారంగు

ఇంగ్లండ్‌లో యూనివర్సిటీలో పనిచేస్తున్నానంటే పాఠాలు చెబుతాననుకుంటారు. మా వాళ్లు పర్యావరణం మీద రాసే పరిశోధన పేపర్ల గురించి బయట ఎవరేం మాట్లాడుకుంటున్నారో లెక్క రాయడం నా పని. అమ్మకి ఇదే చెబితే, "అంటే రచ్చబండ దగ్గర కూర్చుని విన్నవి మోసుకురావడమా? దానికి జీతం కూడానా?" అంది. నా ఉద్యోగానికి ఇంతకన్నా మంచి వివరణ ఇప్పటికీ దొరకలేదు.

ఆల్ట్‌మెట్రిక్ అనే సంస్థ ప్రతి పేపర్‌కీ ఒక రంగుల డోనట్ ఇస్తుంది. నా కంటికి అది చిల్లుగారె. వార్తలు ఎరుపు, బ్లాగులు పసుపు, ప్రభుత్వ విధాన పత్రాలు ఊదా. మధ్యలో స్కోరు. మామూలు లెక్కలో ఒక వార్తకి 8, బ్లాగుకి 5, విధాన పత్రానికి 3. పొగిడినా తిట్టినా స్కోరుకి ఒకటే.

ఒకసారి ఆవుల మీథేన్ మీద మావాళ్ల పేపర్ స్కోరు రెండు రోజుల్లో నాలుగు వందలు దాటింది. ఆవు మీథేన్ చాలావరకు తేనుపుల్లో వస్తుంది. జోకులన్నీ అవతలి వైపు గురించే! పేపర్ తెరిచి చూసినవాళ్లు ఎందరో గానీ, మా ఆఫీసులో మాత్రం కేకు కోశారు.

అదే కారిడార్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు. ఇక్కడ అందరూ ఆవిడని పేరు పెట్టే పిలుస్తారు, నాకు మాత్రం నోరు తిరగక 'మేడమ్' అంటాను. పొలాల అంచున చిన్న కుంటలు తవ్వితే కింది ఊళ్లకి వరద ఎంత తగ్గుతుందో లెక్క కట్టారు. స్కోరు 6. నెలవారీ రిపోర్టులో ఆ పేరు ఎప్పుడూ అడుగునే ఉండేది. రాసేది నేనే కాబట్టి ఆవిడ ఎదురుపడితే కొంచెం ఇబ్బందిగా ఉండేది.

మూడేళ్లకి ఒక స్థానిక కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) ఇంజనీరు ఈమెయిల్ పెట్టాడు, తమ వరద ప్లాన్‌లో ఆ లెక్కలే వాడామని. ఆ ప్లాన్ ఎక్కడో ఒక మూల పీడీఎఫ్‌గా పడి ఉంది. ఆల్ట్‌మెట్రిక్‌కి అది కనపడలేదు, గారెకి ఊదారంగు అంటలేదు, స్కోరు 6 దగ్గరే ఉంది. ఆల్ట్‌మెట్రిక్ పెట్టిన యూవన్ ఏడీయే తర్వాత విధాన పత్రాలు వెతకడం కోసం ఓవర్టన్ అని ఇంకో సంస్థ పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకు ఆరోజు బాగా అర్థమైంది.

ఇక్కడ యూనివర్సిటీల పరిశోధనని కొన్నేళ్లకోసారి రెఫ్ పేరుతో తూకం వేస్తారు. 2021లో బయటి ప్రపంచం మీద ప్రభావానికి 25 శాతం ఇచ్చారు. ఊరంతా మాట్లాడుకుంటే చాలదు, ఏం మారిందో ఆధారం చూపాలి. కాబట్టి ఆ ఈమెయిల్ మాకు బంగారం. రిపోర్టులో పెడితే మా బాస్ "ఇది ఏ కాలమ్‌లోకి వస్తుంది?" అన్నాడు. కొత్త కాలమ్ గీశాను.

ఆ రాత్రి అమ్మకి ఉత్సాహంగా ఇదంతా చెప్పాను.

"మరి వాళ్ల ఊళ్లోకి నీళ్లు రావడం ఆగిందా?" అంది.

"కుంటలు వచ్చే ఎండాకాలం తవ్వుతారటమ్మా" అన్నాను.