కాలి సిరలు ఎందుకు ఉబ్బుతాయి?

గుండె నుంచి పాదాలకు రక్తం దిగడం కన్నా, భూమ్యాకర్షణకు ఎదురుగా అది తిరిగి పైకి చేరడమే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. సన్నని కేశనాళికలు దాటి సిరల్లోకి వచ్చేసరికి గుండె ఇచ్చిన ఒత్తిడి చాలావరకు హరించుకుపోతుంది. కదలకుండా నిలబడిన మనిషి చీలమండ దగ్గర, పైనున్న రక్తపు బరువంతా పడటం వల్ల, సిరలో సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి ఉంటుంది. అదే మనిషి నడిస్తే పిక్క కండరాలు బిగిసినప్పుడల్లా లోపలి సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తాయి. ఒత్తిడి 30 ప్రాంతానికి పడిపోతుంది.

పైకి వెళ్లిన రక్తం కిందికి జారకుండా ఆపేవి సిరల్లోని కవాటాలు. ఇటలీలోని పాదువాలో శరీరశాస్త్రం బోధించిన ఫాబ్రీసియస్ 1603లో వీటిని బొమ్మలతో సహా వివరించినా, ఇవి రక్తవేగాన్ని తగ్గించడానికే ఉన్నాయనుకున్నాడు. అవి రక్తాన్ని గుండె వైపే పోనిస్తాయని 1628లో నిరూపించినవాడు ఆయన శిష్యుడు విలియం హార్వే. అందుకు ఆయన చేసిన పరీక్ష ఎంత సరళమో! భుజం కింద కట్టు కట్టి, ముంజేతిపై ఉబ్బిన సిరను ఒక వేలితో నొక్కి పట్టి, మరో వేలితో రక్తాన్ని పై కవాటం దాటేలా నిమిరితే, నొక్కిన వేలు తీసేదాకా ఆ భాగం ఖాళీగానే ఉంటుంది.

ఈ కవాటాల అంచులు సరిగా కలుసుకోనప్పుడు రక్తం వెనక్కి జారి, చర్మం కిందున్న సిరలను సాగదీసి మెలికలు తిప్పుతుంది. ఇవే వేరికోస్ వెయిన్స్. వంశపారంపర్యం, గర్భధారణ, వయసు, స్థూలకాయం ఇందుకు దోహదం చేస్తాయి. బట్టల దుకాణాల్లో, వంటశాలల్లో, ట్రాఫిక్ కూడళ్లలో గంటల తరబడి నిలబడేవారికి పిక్కలను కదిలించే వీలే ఉండదు. వారికి మధ్యమధ్య నాలుగడుగులు వేసే వెసులుబాటు ఇవ్వడం యజమానుల బాధ్యతని నేను గట్టిగా నమ్ముతాను.

సాయంత్రానికి కాళ్లు బరువెక్కడం, వాపు, దురద, తర్వాత చీలమండ పైన చర్మం నల్లబడటం, చివరికి మానని పుండు. చికిత్స లేకపోతే కొందరిలో వ్యాధి ఇలా ముదురుతుంది. ఆ పుండుకు నెలల తరబడి పైపూత మందులే రాస్తూ, దాని వెనకున్న సిరను డాప్లర్ స్కాన్‌తో (రక్తం ఎటు పారుతోందో ధ్వని తరంగాలతో చూపే పరీక్షతో) చూపించుకోకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. చెడిన సిరను లేజరుతోనో రేడియో తరంగాల వేడితోనో మూసేస్తే రక్తం ఎటు పోతుందని చాలామంది భయపడతారు. కాలి రక్తంలో అధిక భాగాన్ని మోసేవి కండరాల మధ్యనున్న లోతైన సిరలే కాబట్టి, అవి బాగుంటే ఆ భయం అక్కరలేదు. బిగుతు మేజోళ్లు ఉపశమనం ఇస్తాయి. కానీ ధమనుల్లో రక్తప్రసారం తక్కువగా ఉన్నవారికి అవి హాని చేయవచ్చు, కనుక వైద్యులను అడిగాకే వాడాలి.

ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే, వెంటనే పడుకోబెట్టి, కాలిని గుండె కన్నా ఎత్తులో ఉంచి, శుభ్రమైన గుడ్డతో ఆ చోట గట్టిగా నొక్కి పట్టి, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.