ఏడు పీరియడ్లలో ఒకటి థియాలజీది

"నాన్నా, థియాలజీని వదులుకోవడానికి వీల్లేదు, క్యాథలిక్కులు కానివారికి కూడా మినహాయింపు లేదు" అంటూ అమెరికాలో క్యాథలిక్ బడిలో చదివే మా అమ్మాయి వచ్చే ఏడాది కోర్సుల పత్రాన్ని ఈ సాయంత్రం నా ముందుకు జరిపింది. పదకొండో తరగతికి ఉన్న ఏడు పీరియడ్లలో ఒకదాన్ని ముందే థియాలజీకి, అంటే మత పాఠానికి, కేటాయించారు; వచ్చే ఏడాది అది క్రైస్తవ నీతిశాస్త్రం. ఇంగ్లిషులాగే థియాలజీని కూడా నాలుగేళ్లూ చదివితేనే ఈ బడిలో డిప్లొమా ఇస్తారు.

చిక్కంతా గ్రేడుల సగటు దగ్గరే వచ్చింది. కాలేజీ స్థాయిలో ఉండే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులో 'ఎ' గ్రేడుకు 5 పాయింట్లు, మామూలు కోర్సులో 4 మాత్రమే కాబట్టి, థియాలజీ ఎంత బాగా చదివినా, అన్నీ అడ్వాన్స్‌డ్ కోర్సులే తీసుకునే పిల్లల వెయిటెడ్ (కోర్సు స్థాయిని బట్టి లెక్కించే) సగటు కాస్త తగ్గుతుంది. అయితే ఆ తగ్గుదల తరగతిలో అందరికీ ఒకటే, పైగా చాలా కాలేజీలు ఈ సగటును తమ పద్ధతిలో మళ్లీ లెక్కగట్టుకుంటాయి. మే నెలలో జరిగే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలో 1 నుంచి 5 వరకు ఇచ్చే స్కోరు మళ్లీ వేరే. గుంటూరులో ఎంపీసీ అన్న ఒక్క మాటతో అన్నీ తేల్చేసుకున్న నాకు ఇదంతా వింతగానే ఉంది.

ఇన్ని గంటలు సమాజ సేవ చేయాలన్న బడి నిబంధన మాత్రం నాకు నచ్చింది. ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దినందుకు గ్రేడు ఉండదు, అక్కడివారి సంతకం చాలు. బహుశా అందుకే అమ్మాయి ఆ పని గురించే ఎక్కువగా మాట్లాడుతుంది.

చివరికి కెమిస్ట్రీ, కాల్క్యులస్ బీసీ (పై స్థాయి కాల్క్యులస్) రెండింటినీ అడ్వాన్స్‌డ్‌గానే ఉంచి, అమెరికా చరిత్రను మాత్రం అంతకంటే ఒక మెట్టు తక్కువైన ఆనర్స్ స్థాయికి మార్చుకుంది. వ్యాయామ విద్యను వేసవిలో ముగిస్తే మరో పీరియడ్ ఖాళీ అవుతుందట. అందులో తనకు చిత్రలేఖనం కావాలట, నేనేమో కంప్యూటర్ సైన్స్ అంటున్నాను, కోర్సుల విషయంలో సలహా ఇచ్చే బడి కౌన్సిలర్‌తో సమావేశం శుక్రవారం.