లడ్డూలో జీడిపప్పు

పోయిన మాఘమాసంలో చిత్తూరులో మా మేనకోడలి పెళ్ళి. రాత్రి రెండు చపాతీలు, కుర్మా తిన్నాను. పావుగంట కాలేదు, అరచేతులు దురద, పెదవి ఉబ్బింది, గొంతు పూడుకుపోతోంది. పట్టుచీరతోనే ఆటోలో పడేసి దగ్గరున్న నర్సింగ్‌హోముకి తీసుకెళ్ళారు.

డ్యూటీలో ఉన్న డాక్టరు నా వంక సరిగ్గా చూడనైనా లేదు. "పెళ్ళి పనుల టెన్షన్, గ్యాస్ పట్టింది, అంతే" అన్నాడు. గ్యాసట! ఊపిరందక నేను మంచం కమ్మి పట్టుకుని వేలాడుతున్నాను. బీపీ చూసిన నర్సమ్మే "సార్, పడిపోతా ఉంది" అని అరిచింది. తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ పడ్డాకే గొంతు వదిలింది. ఆమె పేరు కూడా అడగలేదు.

చీటీలో 'ఫుడ్ అలర్జీ' అని రాసి పంపేశారు. ఏ ఫుడ్డో లేదు. "వంకాయే అయ్యుంటుంది" అని ఆడపడుచు తేల్చేసింది. నెలన్నరపాటు వంకాయ, చెనక్కాయలు, పెరుగు మానేసి చారన్నంతో బతికాను.

తర్వాత వేలూరు వెళ్ళాం. డాక్టరమ్మ ముందు సూది తియ్యలేదు, ప్రశ్నలే. ఏం తిన్నారు, ఎంతసేపటికి, చిన్నప్పుడు ఏదైనా పడేది కాదా? అప్పుడు గుర్తొచ్చింది. గొంతు గీరుతుందని చిన్నప్పుడు తిరుపతి లడ్డూలో జీడిపప్పు ఏరి పక్కన పెట్టేదాన్ని. "స్వామి ప్రసాదంలో ఏరుతారా ఎవరన్నా?" అని అమ్మ మొట్టికాయ వేసేది. మా ఆయన వంటాయనకి ఫోన్ చేశాడు. కుర్మాలో జీడిపప్పు ముద్దే!

చర్మం మీద పరీక్ష చెయ్యాలని, సిట్రిజిన్ అనే అలర్జీ మాత్ర వారం ముందే ఆపించారు, లేకపోతే ఫలితం సరిగా రాదట. ముంజేతి మీద పెన్నుతో గుర్తులు, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో తిండి పదార్థం రసం చుక్క, ఒక్కో చిన్న సూదిపోటు. సరిచూడ్డానికి ఒక చుక్క ఉత్త సెలైన్, ఒకటి ఎవరికైనా దద్దు లేపే హిస్టమిన్. పదిహేను నిమిషాలు గోక్కోకూడదు, అదే నరకం. సెలైన్ దగ్గరకంటే దద్దు 3 మి.మీ. ఎక్కువ లేస్తే లెక్కలోకి తీసుకుంటారు. జీడిపప్పు దగ్గర 9 లేచింది. చెనక్కాయ దగ్గరా 4 ఉంటే నా గుండె జారింది. "ఆ పెళ్ళి దాకా రోజూ తినేవారుగా, ఏమన్నా అయిందా? మరి హాయిగా తినండి, దద్దు లేచినంత మాత్రాన అలర్జీ కాదు" అంది. ఇంటికి రాగానే చెనక్కాయ చట్నీ చేసుకున్నాను. ఇది చదివి, కొంచెం తిని చూద్దామని మాత్రం ఇంట్లో ప్రయోగాలు చెయ్యకండి.

మొన్న అమ్మ కొండ నుంచి లడ్డూ తెచ్చి, పప్పులు ఏరేసి నా ముందు పెట్టింది. కళ్ళకద్దుకుని తీసి పెట్టాను. సాయంత్రం ఆ నర్సమ్మకి ఇద్దామని నర్సింగ్‌హోముకి వెళ్ళాను. పని మానేసి వెళ్ళిపోయిందట. ఆ డాక్టరు మాత్రం అక్కడే ఉన్నాడు.