శవాన్ని ఎటు మోయాలి? మద్రాసు వీధుల్లో నా వెతుకులాట

నేను రాస్తున్న నవలలో హత్య 1952 డిసెంబర్ 15 రాత్రి జరుగుతుంది. ఊరు మద్రాసు. చచ్చిపోయేవాడు జార్జ్ టౌన్‌లోని కొత్వాల్ చావిడి టోకు మార్కెట్ పక్క సందులో పప్పుల మండీ నడిపే తెలుగు వ్యాపారి. ఇంతవరకు పెరంబూరులో మా ఇంట్లో కూర్చునే రాసేయొచ్చు. చిక్కల్లా ఆ తర్వాతే. శవం మండీలో దొరికితే కథ రెండో అధ్యాయంలోనే అయిపోతుంది. దాన్ని ఎక్కడికో చేర్చాలి. ఎటు, ఎవరు, ఎంతసేపట్లో, ఎవరి కంటా పడకుండా? ఈ ప్రశ్నలు పట్టుకుని జార్జ్ టౌన్‌లో తిరగడం మొదలుపెట్టాను.

ఆ తేదీ ఎందుకంటే, ఆ రాత్రే పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులో, రాయపేట హైరోడ్డు మీద బులుసు సాంబమూర్తి గారింట్లో ప్రాణం వదిలారు. అక్టోబర్ 19న మొదలుపెట్టిన దీక్ష అది. ఊళ్ళో తెలుగువాళ్ళ మనసంతా అటే ఉంది. తర్వాతి రోజుల్లో ఆంధ్ర జిల్లాల్లో అల్లర్లు, కాల్పులు, ఆగిపోయిన రైళ్ళు. అలాంటప్పుడు ఒక వ్యాపారి రెండు రోజులు కనబడకపోతే నెల్లూరు వెళ్ళి ఇరుక్కుపోయాడనుకుంటారు. అంత పెద్ద విషాదాన్ని డిటెక్టివ్ నవలకు వాడుకోవచ్చా అని మనసు పీకింది. ఆయన్ని పాత్రగా తీసుకురాకూడదు, నా పాత్రలెవరూ ఆ ఇంటి గుమ్మం ఎక్కకూడదు అని ఒక గీత గీసుకున్నాను. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. వెళ్ళి కాసేపు కూర్చుని, ఏమీ రాసుకోకుండానే వచ్చేశాను.

వీధుల్లోకి దిగే ముందు ఆ రాత్రి గురించి తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది చంద్రుడు. పంచాంగం లెక్క ప్రకారం నందన నామ సంవత్సరం, మార్గశిర బహుళ చతుర్దశి. పదిహేడున అమావాస్య. అంటే వెన్నెల్లో ఎవరో ఎవరినో గుర్తుపట్టారని రాయడానికి వీల్లేదు. కానీ జార్జ్ టౌన్‌కు అప్పట్లో వేరే వెలుగు ఉంది. హైకోర్టు గుమ్మటం మీది లైట్‌హౌస్. 1894 నుంచి 1977లో మెరీనా లైట్‌హౌస్ వచ్చేదాకా ఓడలకు దారి చూపించింది అదే. మేడమీద పడుకున్న మనిషికి ఆ దీపం కనబడుతుంది కదా! దాని కోసమే ఒక సాక్షిని పుట్టించాను.

ట్రామ్‌లు అప్పటికింకా నడుస్తున్నాయి, 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. చిల్లర అణాల్లో, నయాపైసలు 1957లో గానీ రాలేదు. మద్యనిషేధం ఉంది కాబట్టి నా ఇన్‌స్పెక్టరు బార్‌లో కూర్చుని ఆలోచించలేడు, కాఫీ హోటల్లోనే ఆలోచించాలి. నిజం చెప్పొద్దూ, దానివల్ల ఆ పాత్ర బాగుపడింది. నగరంలో జరిగిన హత్య కేసు విచారణ హైకోర్టు సెషన్స్‌లో, జ్యూరీ ముందు. ఇవన్నీ పుస్తకాల్లో దొరికేవే. అప్పటి సంగతుల కోసం ఎగ్మోరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్ళాను. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ రెండూ అప్పుడు మద్రాసు నుంచే వెలువడేవి. పాత సంచికల్లో వార్తలకంటే ప్రకటనలే నాకు ఎక్కువ పనికొచ్చాయి. ఏ సినిమా ఎక్కడ ఆడుతోంది, ఏ కొట్టు ఏ వీధిలో ఉంది, జనం ఏ తలనొప్పి మందు వాడుతున్నారు.

అసలు సంగతులు మాత్రం వీధిలోనే దొరికాయి. అందుకు మా పెదనాన్న కావాలి. ఆయన యవ్వనమంతా కొత్వాల్ చావిడి మండీలో గుమాస్తాగా గడిచింది. 1952లో పదేళ్ళ పిల్లాడు. ఇప్పుడు చూపు ఆనదు గానీ కాళ్ళు గట్టివే.

"దేనికమ్మాయ్ ఇదంతా? రాసేవాళ్ళు ఊహించుకుని రాస్తారు కదా" అన్నారు ఆటోలో.

"ఊహించుకున్నాను పెదనాన్నా. మనిషిని చంపి మూటకట్టి మెరీనాలో పడేశాను."

"మెరీనాలోనా? ఆ ఇసకలో శవాన్ని మోస్తావా? ఎంత దూరం ఉందో చూశావా?"

చూశాను. అక్కడి ఇసక అలా విస్తరించడానికి కారణం హార్బరు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హార్బరు గోడ సముద్రంలోకి కట్టాక, దక్షిణం నుంచి ఒడ్డువెంట కొట్టుకొచ్చే ఇసక దానికి అడ్డుపడి ఇటు మెరీనా దగ్గర పేరుకుంది. అటు ఉత్తరాన రాయపురం వైపు ఇసక అందక సముద్రం ఒడ్డును కోస్తూ పోయింది. ఒకే ఊరు, ఒకే సముద్రం, కానీ శవాన్ని దాచాలనుకునేవాడికి రెండూ రెండు రకాల చోట్లు. మెరీనాలో పాతిపెట్టొచ్చు గానీ నీళ్ళదాకా మోసుకెళ్ళడమే గండం. రాయపురంలో నీళ్ళు దగ్గర, కానీ అక్కడ పాతింది పాతినట్టు ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇది నా కల్పన కాదు. అదే ఏడాది ఆగస్టులో మద్రాసును కుదిపేసిన ఆళవందార్ హత్య కేసు ఉంది. చైనా బజారులో పెన్నుల కొట్టు నడిపే మనిషి. మొండెం పెట్టెలో పెట్టి ఎగ్మోరులో రైలెక్కించారు. రామేశ్వరం దారిలో మానామదురై దగ్గర ఆ పెట్టె బయటపడింది. తల రాయపురం సముద్రపు ఒడ్డున దొరికింది. ఊరు ఒకచోట, మొండెం ఒకచోట. మద్రాసులో మనిషి కనబడటం లేదని ఫిర్యాదు, ఎక్కడో దక్షిణాన రైల్వే పోలీసుల చేతిలో పేరులేని శవం. ఈ రెండూ ఒకటే కేసని తెలియడమే అసలు దర్యాప్తు. దీన్నుంచి నేను కథ తీసుకోలేదు. పోయినవాళ్ళకూ ఇళ్ళున్నాయి, వాళ్ళ ఇళ్ళలో ఇంకా మనుషులున్నారు. తీసుకున్నదల్లా ఒక్క ఆలోచన: శవం ఎవరి హద్దులో దొరికిందన్నదాన్ని బట్టి కేసు ఎవరి చేతికి వెళ్ళాలో మారిపోతుంది. రైలు పట్టాల మీద దొరికితే రైల్వే పోలీసులు, వీధిలో దొరికితే నగర పోలీసులు. నా హంతకుడికి ఇది తెలుసు.

రాయపురం వెళ్ళి చూస్తే, ఇప్పటి ఒడ్డు నా నవలకు ఎందుకూ కొరగాదు. కోత ఆపడానికి వేసిన బండరాళ్ళు, రోడ్డు, లారీలు. కాసిమేడు ఫిషింగ్ హార్బరు 1952లో లేనే లేదు. అక్కడ వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని అరవంలో అడిగాను, ఇక్కడ నీళ్ళలో పడింది ఎటు పోతుందని. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఎవరు పడ్డారని అడిగాడు. నవల అని చెప్పి నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నమ్మాక మాత్రం ఓపిగ్గా చెప్పాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీరు ఉత్తరానికి లాగుతుంది, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి తిరుగుతుంది. డిసెంబర్ అంటే ఈశాన్య కాలమే. అంటే రాయపురంలో పడేసింది హార్బరు వైపుకే కొట్టుకు రావచ్చు. హార్బరులో పగలూ రాత్రీ మనుషులు. సముద్రం పనికిరాదని అక్కడే తేలిపోయింది.

మిగిలింది కాలువ. బకింగ్‌హామ్ కాలువ అంటే ఇప్పటివాళ్ళకు ముక్కు మూసుకోవడమే గుర్తొస్తుంది. అప్పట్లో అది నీటి దారి, ఇటు మద్రాసు దాటి దక్షిణానికీ, అటు కృష్ణా గోదావరి కాలువలతో కలిసి కాకినాడ దాకా. 1877-78 కరువు కాలంలో పనిలేని జనానికి కూలి ఇచ్చి, మద్రాసులో అడయారు, కూవం నదులను కలిపే భాగం తవ్వించారు. ఆంధ్ర వైపు నుంచి సరుకు పడవలు వచ్చి బేసిన్ బ్రిడ్జి దగ్గర ఆగేవి. చెన్నైలో ఇప్పుడు ఆ కాలువ మీదా, పక్కనా ఎత్తయిన రైలు స్తంభాలు నిలబడ్డాయి. నాకు కావాల్సిన కాలువ పాత పటాల్లోనే ఉంది. బేసిన్ బ్రిడ్జి దగ్గర నిలబడి ఫోన్‌తో ఫొటోలు తీస్తుంటే యూనిఫాంలో ఉన్న ఒకాయన వచ్చి ఎందుకని అడిగాడు. అప్పటినుంచి ప్రచురణకర్త రాసిచ్చిన ఉత్తరం ఒకటి బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆడమనిషి ఒక్కతే వంతెన దగ్గర ఆగి నీళ్ళలోకి చూస్తుంటే జనం ఇంకేదో అనుకుంటారు, ఆ భయం కూడా ఉంది. అందుకే వంతెనల దగ్గరికి పెదనాన్న లేకుండా వెళ్ళను.

ఇప్పుడు దారి. పాత మండీ నుంచి కాలువ దాకా ఆయనతో నడిచాను. ఆగుతూ, టీ తాగుతూ, ఆయన ప్రతి మలుపులో ఒక పాత కొట్టు పేరు చెప్తుంటే రాసుకుంటూ. కన్యకా పరమేశ్వరి గుడి దగ్గర చెప్పులు విప్పి దండం పెట్టుకుని మళ్ళీ బయల్దేరాం. ఒక్కో సందు ఎంత ఇరుకంటే ఎదురింటివాళ్ళ పోపు వాసన ఈ ఇంట్లోవాళ్ళకు తుమ్ము తెప్పిస్తుంది. అప్పట్లో మగవాళ్ళంతా అరుగుల మీదే పడుకునేవారని ఆయనే చెప్పారు. అంటే రాత్రి రెండింటికి ఆ సందులో నడిచే ప్రతి మనిషినీ కనీసం ఒకరైనా చూస్తారు. నాకు నీరసం వచ్చింది.

"చూస్తే చూడనీ. చూసి ఏమనుకుంటారు?" అన్నారు పెదనాన్న. "రాత్రి రెండింటికే కదా మాకు పని మొదలయ్యేది."

ఆ మాట నన్ను కోయంబేడుకు తీసుకెళ్ళింది. కొత్వాల్ చావిడి టోకు మార్కెట్‌ను 1996లో కోయంబేడుకు మార్చేశారు. పాత చోట గోడలు మిగిలాయి, ఆ రాత్రి బతుకు మాత్రం ఊరవతలికి వెళ్ళిపోయింది. దాన్ని చూడాలంటే దాని వెంటే వెళ్ళాలి. మా ఆయన్ని బతిమాలి అర్ధరాత్రి దాటాక బయల్దేరదీశాను. మదనపల్లె నుంచి టమాటా లారీలు వచ్చి నిలబడ్డాయి, డ్రైవర్లు తెలుగులో తిట్టుకుంటున్నారు. హమాలీలు మూటలు దించుతున్నారు. గోనె సంచి భుజాన వేసుకున్న మనిషి నన్ను రాసుకుంటూ వెళ్ళాడు, నేను అతని మొహం చూడలేదు. నిమిషం తర్వాత ఎంత గుర్తు తెచ్చుకున్నా చొక్కా రంగు కూడా చెప్పలేకపోయాను. సాక్షిగా నన్ను బోనెక్కిస్తే కేసు కొట్టేస్తారు.

అప్పుడు అర్థమైంది నా హంతకుడు చీకటి కోసం వెతకనక్కర్లేదని. అందరూ బరువులు మోసే చోట, అందరూ మోసే వేళలో మోస్తే చాలు. తోపుడుబండి మీద పది కందిపప్పు మూటలు, వాటి మధ్య ఒకటి కందిపప్పు కాదు. అరుగుల మీద ఉన్నవాళ్ళు చూస్తారు, పక్కకు తిరిగి పడుకుంటారు.

ఇంటికొచ్చి ఆ అధ్యాయం ఏకబిగిన రాసేసి పెదనాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన పూర్తిగా విని, ఒక్క ప్రశ్న వేశారు.

"చీటీ ఎవరు రాశారు?"

మండీ నుంచి బయటికెళ్ళే ప్రతి మూటకూ చీటీ ఉంటుందట. చిట్టాలో పడుతుంది, బండివాడు లెక్క చూసుకుంటాడు, అవతల దించుకునేవాడూ చూసుకుంటాడు. తొమ్మిది మూటల చీటీతో పది మూటలు గడప దాటవు. ఒక మూట తగ్గితే గొడవ, ఎక్కువైతే అంతకంటే పెద్ద గొడవ. మిగతా అందరి కళ్ళూ కప్పొచ్చు గానీ లెక్క రాసేవాడి కళ్ళు కప్పలేం.

నవల చదవబోయేవాళ్ళకు ఇది చెప్పకూడదు. కానీ నేను హంతకుడిగా అనుకున్న బావమరిది ఆ ఒక్క ప్రశ్నతో నిర్దోషి అయిపోయాడు. అతనికి చీటీ రాసే అధికారం లేదు. మండీలో ఆ అధికారం ఉన్నది ఇద్దరికే. ఒకడు చచ్చిపోయాడు. రెండోవాడు గుమాస్తా.

పెదనాన్నకు ఇది మింగుడుపడలేదు. ముప్పై ఏళ్ళు చిట్టా రాసినా పైసా తేడా రానివ్వలేదని, గుమాస్తాల పేరు చెడగొడుతున్నానని అలిగారు. గుమాస్తాను బెదిరించి ఎవరో చీటీ రాయించినట్టు పెట్టమని ఒక దారి కూడా చూపించారు. అది బాగానే ఉంది గానీ, అలా అయితే మండీలో బెదిరించిన చోటు ఎక్కడ, గద్దె దగ్గరా వెనక గోడౌన్‌లోనా, కేక వేస్తే ఎవరికి వినబడుతుంది అన్నది మళ్ళీ చూడాలి. అప్పటి మండీల్లో ఒకటి ఇంకా పాత కట్టడంలోనే ఉందట, వాళ్ళ అబ్బాయి ఇప్పుడు అందులో ప్లాస్టిక్ సామాను అమ్ముతున్నాడట. ఆదివారం కొట్టు మూసి ఉంటుంది కాబట్టి శనివారం వెళ్దామన్నారు పెదనాన్న.