అమ్మమ్మ కంచు గిన్నె

అమ్మమ్మ ఇచ్చిన కంచు గిన్నెలో ఇవాళ ఫస్ట్ టైమ్ ముద్దపప్పు వండాను, ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసిన గిన్నె అది, వేలితో కొడితే గుడిగంటలా ఖంగుమని చాలాసేపు మోగుతుంది. కంచు అంటే సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం, అందుకే ఇత్తడి గిన్నెలకి పెట్టించినట్టు దీనికి కళాయి, అంటే లోపల తగరం పూత, పెట్టించక్కర్లేదు, కానీ కింద పడితే సొట్ట పడదు, పగిలిపోతుంది. పోయినేడాది చిన్న గిన్నె ఒకటి పోగొట్టుకున్నా, పొయ్యి మీంచి దించిన వెంటనే సింక్‌లో పెట్టి చన్నీళ్లు తిప్పేశా, టప్‌మని చిన్న శబ్దం, అంచు నుంచి అడుగుదాకా వెంట్రుకంత గీత, ఆ రోజు అన్నం సయించలేదు. ఇప్పుడు సన్నసెగ మీదే, అదీ గిన్నెలో నీళ్లు పోశాకే స్టవ్ వెలిగిస్తున్నా. పులుసు, పెరుగు అందులో ఉంచను. పూర్తిగా చల్లారాక చింతపండు, ఉప్పు వేసి కొబ్బరి పీచుతో రుద్ది, తడి లేకుండా పొడిబట్టతో తుడిచేస్తా. నల్లమచ్చలు పోయి లోపల్నుంచి ఆ లేత బంగారు రంగు తేలుతుంటే చేతులు నొప్పెట్టినా ఆపబుద్ధి కాదు. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మమ్మ "ఒకసారి కొట్టవే, వింటాను" అంది.